చుక్కలే కాదు, గంటలూ లెక్కపెట్టండి

వేసవి మొదలయ్యేసరికి ఎక్కడ చూసినా ఒకటే ప్రకటన: "పాత ఏ.సి. మార్చండి, కరెంటు బిల్లు తగ్గించండి!" కొందరు 30 శాతం ఆదా అంటారు, కొందరు 50 శాతం అంటారు. ఇంట్లో పెద్దవాళ్ళు కొందామా వద్దా అని తర్జనభర్జన పడుతూ ఉంటారు. హైస్కూల్లో చదివే మీరు మాత్రం "మనకెందుకులే" అని ఊరుకుంటారు.

నన్నడిగితే ఈ లెక్క వెయ్యవలసింది మీరే. దీనికి కావలసిన గుణకారం, భాగహారం మీకు వచ్చు. కావలసిన పరికరం మీ ఇంటి గోడకే ఉంది. అదే కరెంటు మీటరు. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. "ఎంత శాతం ఆదా?" అనేది సగం ప్రశ్న. "రోజుకు ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని రోజులు వాడతాం?" అనేది మిగతా సగం. ఈ రెండో సగం అడగకుండా వేలకు వేలు ఖర్చు పెట్టడం తెలివైన పని కాదని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

బావి, గిలక

ఏ.సి. చలిని తయారుచేస్తుందని చాలామంది అనుకుంటారు. చలి అనే పదార్థం ఏదీ లేదు. ఏ.సి. చేసే పనల్లా గదిలో ఉన్న వేడిని తోడి బయట పారబొయ్యడమే. వేడి తనంతట తాను వేడి చోటినుంచి చల్లని చోటికి ప్రవహిస్తుంది. దాన్ని ఎదురు నడిపించాలంటే శ్రమ పడాలి. బావిలోంచి నీళ్ళు తోడటానికి మనం ఎలా శ్రమపడతామో, గదిలోంచి వేడిని తోడటానికి కంప్రెసర్ అలా శ్రమపడుతుంది. ఆ శ్రమకు అయ్యే ఖర్చే మనం కట్టే కరెంటు బిల్లు.

ఒక యూనిట్ కరెంటు ఖర్చుపెట్టి ఏ.సి. ఎన్ని యూనిట్ల వేడిని తోడగలదు? ఒకటి కాదు, మూడు నాలుగు తోడుతుంది. మంచి యంత్రమైతే అయిదు కూడా తోడుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు. కరెంటు వేడిగా మారడం లేదు, వేడిని మోస్తోంది అంతే. ఈ "ఎన్ని రెట్లు" అనే సంఖ్యే ఏ.సి. దక్షతకు కొలత.

పోతే, "ఒకటిన్నర టన్ను ఏ.సి." అంటాం కదా, ఈ టన్ను యంత్రం బరువు కాదు. వెనకటి రోజుల్లో చల్లదనానికి మంచుగడ్డలే ఆధారం. అమెరికాలో చలామణీలో ఉన్న టన్ను, అంటే సుమారు 907 కిలోల మంచు, 24 గంటల్లో కరిగేటప్పుడు ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత వేడిని తోడే శక్తిని ఒక టన్ను అన్నారు. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ళు కావాలి. లెక్క వేసి చూడండి, సుమారు 3.5 కిలోవాట్లు వస్తుంది. కాబట్టి టన్నుల సంఖ్య బావిలో వేసే చేద ఎంత పెద్దదో చెబుతుంది. దక్షత గిలక ఎంత సులువుగా తిరుగుతుందో చెబుతుంది. ఈ రెండూ వేరు వేరు.

ఇప్పుడు అసలు సంగతి. తుప్పుపట్టిన గిలక తీసేసి కొత్తది వేస్తే ప్రతి చేదకూ శ్రమ తగ్గుతుంది. నిజమే. కాని రోజుకు రెండు చేదలు తోడుకునే ఇంటికీ, రెండు వందల చేదలు తోడుకునే ఇంటికీ కలిసొచ్చేది ఒకటేనా? శాతం ఒకటే, లాభం ఒకటి కాదు.

లేబుల్ ఏం చెబుతుంది?

మన దేశంలో 2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడిన ఇంధన సామర్థ్య సంస్థ 2006లో స్టార్ లేబుళ్ళు మొదలుపెట్టింది. 2010 నుంచి ఇళ్ళల్లో వాడే ఏ.సి.లకు ఈ లేబుల్ తప్పనిసరి అయింది. లేబుల్ మీద చుక్కలు అందరూ చూస్తారు. వాటికింద ఉన్న రెండు సంఖ్యల్ని ఎవరూ చూడరు. చూడవలసినవి అవే.

మొదటిది ఐ.ఎస్.ఇ.ఇ.ఆర్. అనే సంఖ్య. ఏడాది మొత్తం మీద యంత్రం తోడే వేడిని, అందుకు ఖర్చయ్యే కరెంటుతో భాగిస్తే వచ్చేది ఇది. 2018 నుంచి స్టార్లు ఇచ్చేది దీన్నిబట్టే. రెండోది ఏడాదికి ఖర్చయ్యే యూనిట్లు. ఈ యూనిట్లు ఎన్ని గంటల వాడకానికి? 1600 గంటలకు. అంటే రోజుకు 8 గంటల చొప్పున 200 రోజులు. బయటి ఉష్ణోగ్రత 24 డిగ్రీల నుంచి 43 డిగ్రీల దాకా మారుతుందని అనుకుని ఈ లెక్క కట్టారు. మీ ఇంట్లో వాడకం 1600 గంటలే అని ఎవరూ చెప్పలేదు. అది పోల్చడానికి పెట్టుకున్న ఒక కొలబద్ద మాత్రమే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. స్టార్ల పట్టిక ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2018లో స్ప్లిట్ ఏ.సి.కి 4.5 వస్తే 5 స్టార్లు ఇచ్చేవారు. 2022 జూలై నుంచి 5.0 ఉంటేగాని 5 స్టార్లు ఇవ్వలేదు. ఆ రోజు 5 స్టార్ల యంత్రం కాస్తా కొత్త పట్టికలో 4 స్టార్ల యంత్రమైపోయింది. యంత్రంలో మార్పేమీ లేదు, కొలబద్దే మారింది. కనక రెండు యంత్రాలను పోల్చేటప్పుడు చుక్కల్ని కాకుండా సంఖ్యల్ని పోల్చాలి.

రెండో జాగ్రత్త: బాగా పాత ఏ.సి.ల మీద ఇ.ఇ.ఆర్. అని వేరే సంఖ్య ఉంటుంది. అది బయట 35 డిగ్రీలున్నప్పుడు, యంత్రం పూర్తి జోరుమీద నడుస్తుండగా కొలిచినది. ఐ.ఎస్.ఇ.ఇ.ఆర్. ఏడాది సగటు. ఇన్వర్టర్ ఏ.సి.లు వేడి తక్కువున్న వేళల్లో నెమ్మదిగా, పొదుపుగా నడుస్తాయి కనక వాటికి ఈ సగటు బాగా వస్తుంది. పాతదాని ఇ.ఇ.ఆర్.ను కొత్తదాని ఐ.ఎస్.ఇ.ఇ.ఆర్.తో పోలిస్తే మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టినట్టే. ఆదా ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

రెండిళ్ళ లెక్క

ఒకటిన్నర టన్ను ఏ.సి. 1600 గంటల్లో 3800 యూనిట్ల వేడిని తోడుతుందనుకోండి. పాత యంత్రం ఐ.ఎస్.ఇ.ఇ.ఆర్. 3.1, కొత్తదానిది 5.0 అనుకుందాం.

పాతదానికి ఖర్చు: 3800ను 3.1తో భాగిస్తే సుమారు 1226 యూనిట్లు. కొత్తదానికి: 3800ను 5తో భాగిస్తే 760 యూనిట్లు. తేడా 466 యూనిట్లు. అంటే 38 శాతం ఆదా. గంటకు చూస్తే పాతది 0.77 యూనిట్లు, కొత్తది 0.48 యూనిట్లు. ఆదా గంటకు 0.29 యూనిట్లు.

ఇప్పుడు రెండిళ్ళను ఊహించుకోండి. మొదటి ఇంట్లో ఎండాకాలం మూడు నెలలు, రాత్రిపూట 6 గంటలే ఏ.సి. వేస్తారు. 90 రోజులకు 540 గంటలు. రెండో ఇంట్లో జబ్బుమనిషి ఉన్నారు. ఎనిమిది నెలలపాటు రోజుకు 10 గంటలు ఏ.సి. నడవాలి. 240 రోజులకు 2400 గంటలు.

మొదటి ఇంటికి ఆదా ఏడాదికి 157 యూనిట్లు. రెండో ఇంటికి సుమారు 700 యూనిట్లు. యూనిట్ ధర 8 రూపాయలనుకుందాం. (మన బిల్లులు స్లాబుల లెక్కన ఉంటాయి. ఆదా అయ్యే యూనిట్లు మొదట పై స్లాబులోంచే తగ్గుతాయి. కాబట్టి మీ ఇంటి లెక్కకు సగటు ధర కాకుండా, వేసవి బిల్లులో ఆఖరి స్లాబు ధర తీసుకోండి.) మొదటి ఇంటికి మిగిలేది ఏడాదికి సుమారు 1,250 రూపాయలు. రెండో ఇంటికి సుమారు 5,600 రూపాయలు.

కొత్త ఏ.సి. ఖరీదు 40,000 అనుకుంటే ఆ డబ్బు తిరిగి రావడానికి రెండో ఇంటికి ఏడేళ్ళు పడుతుంది. మొదటి ఇంటికి 32 ఏళ్ళు! 32 ఏళ్ళపాటు ఏ ఏ.సి. నడుస్తుంది? అదే యంత్రం, అదే 38 శాతం. ఒకరికి తెలివైన బేరం, ఇంకొకరికి తెల్ల ఏనుగు.

పాతది ఎలాగూ పాడైపోయి కొత్తది కొనక తప్పనప్పుడు లెక్క మారుతుంది. అప్పుడు పోల్చవలసింది పాతదాన్నీ కొత్తదాన్నీ కాదు, దుకాణంలో పక్కపక్కన ఉన్న రెండు కొత్త యంత్రాలను. 3.8 సంఖ్య ఉన్న యంత్రం 1600 గంటలకు 1000 యూనిట్లు వాడుతుంది. 5.0 ఉన్నది 760 వాడుతుంది. రెండింటి ధరలకూ 8,000 రూపాయలు తేడా ఉందనుకోండి. రెండో ఇంటికి ఏడాదికి 360 యూనిట్లు, అంటే 2,880 రూపాయలు మిగులుతాయి. మూడేళ్ళలోపే తేడా తీరిపోతుంది. మొదటి ఇంటికి పన్నెండేళ్ళు దాటుతుంది. మీ ఇంటి గంటలు, మీ ఊళ్ళో ధరలు వేసుకుని ఇదే లెక్క మళ్ళీ చెయ్యండి. జవాబు మీదే అవుతుంది.

డబ్బు పెట్టకుండా వచ్చే ఆదా

నీళ్ళు లోతున ఉన్న కొద్దీ చేదడం కష్టం. అలాగే బయటికీ లోపలికీ ఉష్ణోగ్రత తేడా పెరిగిన కొద్దీ వేడిని తోడటం కష్టం. దానికి తోడు, తేడా పెరిగితే గోడల్లోంచి, కిటికీల సందుల్లోంచి లోపలికి వచ్చే వేడి కూడా పెరుగుతుంది. ఏ.సి.ని ఒక డిగ్రీ పైకి పెడితే సుమారు 6 శాతం కరెంటు కలిసొస్తుందని ఇంధన సామర్థ్య సంస్థ అంచనా. 2020 జనవరి నుంచి కొత్త ఏ.సి.లు మీట నొక్కగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలనే నియమం వచ్చింది ఇందుకే.

మొదటి ఇంటివాళ్ళు 20 డిగ్రీల దగ్గర పెట్టుకుని దుప్పటి కప్పుకుని పడుకుంటున్నారనుకోండి. 26కు మార్చి, ఫ్యాను కూడా వేసుకుంటే 30 శాతం దాకా తగ్గుతుంది. పాత యంత్రం 540 గంటలకు 414 యూనిట్లు వాడుతోంది కనక, ఆదా సుమారు 124 యూనిట్లు. ఫ్యాను వాడుకునేది పోగా నూరుకు అటూ ఇటూ మిగిలినా మంచిదే. 40,000 పెట్టి కొన్న యంత్రం 157 మిగిలిస్తే, పైసా ఖర్చులేని పని అందులో చాలా భాగం మిగిల్చింది. నెలకోసారి ఫిల్టరు కడగడం, తలుపు కింద సందు మూయడం, పడమటి కిటికీకి వట్టివేళ్ళ తడికో, మందపాటి తెరో కట్టడం కూడా ఈ జాబితాలోవే. ఇవి చేశాకనే కొత్త యంత్రం మాట ఎత్తాలని నా సలహా.

మరి దేశం సంగతో?

"నువ్వు రూపాయలే చూస్తున్నావు, దేశం సంగతి చూడవా?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2024 మే 30న మన దేశంలో విద్యుత్ గిరాకీ సుమారు 2,50,000 మెగావాట్లకు చేరింది. అందరూ ఒకేసారి ఏ.సి.లు వేసే రోజుల్లో, ఏడాదికి 540 గంటలే వాడే ఇల్లు కూడా సరిగ్గా ఆ గడ్డు సమయంలోనే వాడుతుంది. పైగా మన దేశంలో ఒక యూనిట్ కరెంటు తయారీకి సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. కాబట్టి మొదటి ఇంటి ఆదా వల్ల దేశానికి లాభం లేదని చెప్పలేం.

అయితే ఆ లాభం దేశానిదైనప్పుడు ఖర్చంతా ఆ ఇంటివాళ్ళ నెత్తినే ఎందుకు వెయ్యాలి? పాతదాన్ని తీసుకుని కొత్తదాన్ని రాయితీమీద ఇచ్చే పథకాలను ఢిల్లీలో విద్యుత్ పంపిణీ సంస్థలు నడిపాయి. ఇటువంటివి మన రాష్ట్రాలలోనూ విస్తృతంగా రావాలి. ఎక్కువ గంటలు వాడేవారికి ముందు ఇవ్వాలి. దుకాణం వాడి ప్రకటనకంటే ఇది మేలైన దారి.

ఇందులో ఇంకో చిక్కుంది. మార్చిన పాత ఏ.సి. ఎక్కడికి పోతుంది? చాలాసార్లు మరమ్మతు చేసి, చవగ్గా ఇంకొకరికి అమ్ముతారు. అది అక్కడ మళ్ళీ నడుస్తుంది. మన మీటరు తగ్గింది, దేశం మీటరు తగ్గలేదు. తుక్కుకింద విరిచేటప్పుడు లోపలి వాయువును గాలిలోకి వదిలేస్తే మరీ ప్రమాదం. పాత ఏ.సి.లలో ఆర్-22 అనే వాయువు ఉండేది. అది ఓజోన్ పొరకు చేటు. భూమిని వేడెక్కించడంలో ఒక కిలో ఆర్-22 సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మొదటి ఇంటి 157 యూనిట్ల ఆదా ఏడాదికి 110 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గిస్తుంది. కిలో వాయువు గాలిలో కలిస్తే పదహారేళ్ళ పుణ్యం ఒక్క పూటలో పోయినట్టే! కనక పాతదాన్ని వాయువు పట్టి తీసే ఏర్పాటున్న చోటికే ఇవ్వాలి.

చివరగా మనిషి స్వభావం సంగతి. 1865లో జెవన్స్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త ఒక విచిత్రం గమనించాడు. ఆవిరియంత్రాలు తక్కువ బొగ్గుతో నడవడం మొదలయ్యాక దేశంలో బొగ్గు వాడకం తగ్గలేదు సరిగదా, పెరిగింది. చవక కాబట్టి యంత్రాలు పెరిగాయి. మన ఇంట్లోనూ అంతే. "కొత్త ఏ.సి. కరెంటు తక్కువే కదా" అని రోజుకు 6 గంటల వాడకాన్ని 9 గంటల 40 నిమిషాలు చేస్తే మొదటి ఇంటి ఆదా మొత్తం హరించుకుపోతుంది. అలా వాడటం తప్పని నేననను. 2015 మేలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి రెండు వేలమందికి పైగా చనిపోయారు. ముసలివారు, రోగులు చల్లగా నిద్రపోవడం విలాసం కాదు. కాని దాన్ని సుఖం అని పిలుద్దాం. ఆదా అని పిలవవద్దు. రెండూ వేరని తెలిసి ఎంచుకోవడమే వివేకం.

మీరు చెయ్యవలసిన పని

నా సంఖ్యలను నమ్మకండి. మీరే కొలవండి. ఒక రాత్రి ఏ.సి. వేసే ముందు, 10 గంటలకు, మీటరు రీడింగు రాసుకోండి. ఉదయం 6 గంటలకు మళ్ళీ రాయండి. ఇంకో రాత్రి ఏ.సి. లేకుండా, మిగతావన్నీ అలాగే ఉంచి, అదే పని చెయ్యండి. మొదటి రాత్రి 7.9 యూనిట్లు, రెండో రాత్రి 1.8 యూనిట్లు అయ్యాయనుకోండి. ఏ.సి. వాటా 6.1. గంటకు సుమారు 0.76. ఒక్క రాత్రితో సరిపెట్టకండి. ఒకరోజు ఉక్కపోత, ఒకరోజు వాన. నాలుగైదు రాత్రుల సగటు తీసుకోండి.

ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర దీపం మిణుకుతూ ఉంటుంది. ఎన్ని మిణుకులకు ఒక యూనిటో దాని పక్కనే రాసి ఉంటుంది. అది 3200 అనుకోండి. నిమిషానికి 80 మిణుకులు లెక్కకు వస్తే గంటకు 4800. దాన్ని 3200తో భాగిస్తే 1.5. ఆ క్షణంలో మీ ఇల్లు 1.5 కిలోవాట్లు లాగుతోందన్నమాట. ఏ.సి. కట్టేసి మళ్ళీ లెక్కపెట్టండి. తేడా మీకే తెలుస్తుంది. మీటరును చూడటమే, దాని మూత గాని తీగలు గాని ముట్టుకోవద్దు.

ఈ సంఖ్యలు, ఏడాదికి మీ ఇంటి గంటలు, కొత్త యంత్రం లేబుల్ — ఈ మూడూ ఒక కాగితం మీద రాసి నాన్నగారికో, అమ్మకో చూపించండి. కొనమని గాని, వద్దని గాని మీరు చెప్పనక్కరలేదు. "ఏడాదికి మనకు మిగిలేది ఇంత, డబ్బు తిరిగి రావడానికి ఇన్నేళ్ళు" అని చెబితే చాలు. ఆ తరువాత దుకాణానికి వెళ్ళినా, వెళ్ళకపోయినా, తెలిసి చేసిన పని అవుతుంది.